పడవ సరి

పడవలో హైమావతి కూర్చునే సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. పడవ ఎటు పోతుందో ఆమెకు కనిపించదు, ఎటునుంచి వచ్చిందో కనిపిస్తుంది. తాడు చివర హ్యాండిల్ పట్టుకుని, ఒంటి చెక్క మీద నిలబడి నీళ్లను కోసుకుంటూ వచ్చే పిల్లను కనిపెట్టుకుని ఉండటం ఆమె పని. పిల్ల పడిపోతే కర్రకు కట్టిన ఎర్రగుడ్డ పైకెత్తాలి. పరుగు పూర్తయ్యాక వాకీటాకీలో ఒడ్డుకు రెండు మాటలు చెప్పాలి: "పడవ సరి." పడవ నడిమి దారి తప్పలేదు, పిల్ల చేసిందంతా పిల్లదే అని దానర్థం. ఆ మాట విన్నాకే ఒడ్డున లెక్క వేస్తారు.

మేళ్లచెరువు అవతల, సున్నపురాయి తవ్వి వదిలేసిన పాత క్వారీ అది. ఊటనీళ్లు నిండి, కాలువకన్నా వెడల్పుగా, చెరువుకన్నా సన్నగా పొడుగ్గా ఉంటుంది. రెండు పక్కలా తెల్లరాతి గోడలు. ఒడ్డు మీది తుమ్మచెట్ల ఆకుల నిండా సిమెంటు దుమ్ము. పొద్దెక్కి గాలి లేచేదాకా నీళ్లు కదలవు. నడుమ పడవ దారి, దానికి అటూ ఇటూ జంటలుగా చిన్న పసుపు బంతులు. వాటికి బాగా ఎడంగా, ఒకటి ఈ పక్కన, ఒకటి ఆ పక్కన, ఆరు నారింజ బంతులు. పడవ తిన్నగా పోతూనే ఉంటుంది. వెనక వచ్చే పిల్ల ఆ ఆరు బంతుల బయటినుంచి తిరిగి రావాలి. ఆరూ తిరిగితే తాడు కొంచెం కుదిస్తారు. తాడు పొట్టిదయ్యేకొద్దీ బంతి అందనిదవుతుంది. వాటర్ స్కీయింగ్‌లో అంతే ఆట. తాడు మీద ఎక్కడికి కుదించారో తెలియడానికి ఎరుపు, నారింజ, పసుపు వరసలో రంగులుంటాయి. ఈ పిల్లలు ఇప్పుడు పసుపు దగ్గరికి వచ్చారు.

ఆదివారం హైదరాబాదు నుంచి సెలెక్షన్‌కు వస్తున్నారు. ఈ క్వారీ నుంచి జాతీయ క్యాంపుకు ఒక్క అమ్మాయినే పంపుతారు. ఉన్నది ఇద్దరు. ఒకరు హైమావతి కూతురు నిత్య. ఇంకొకరు, పడవ నడిపే బాలాజీ కూతురు శిరీష.

గురువారం పొద్దున్న నిత్య ముందు దిగింది. చెక్క మీది రబ్బరు జోడులో సబ్బునీళ్లు పోసుకుని పాదం దూర్చింది. నీళ్లలో మునిగి కూర్చుని, మోకాళ్లు గుండెకు ఆనించుకుని, "ఊఁ" అంది. బాలాజీ ఇంజన్ పెంచాడు. తాడు బిగిసింది. నిత్య నీళ్లలోంచి లేచింది.

హైమావతి చూస్తోంది. మొదటి బంతి తిరిగింది. రెండోది నిత్యకు కష్టమైన పక్క. అటు వంగేటప్పుడు పిల్ల భుజం ముందుకు పడుతుంది. అయినా తిరిగింది. మూడు. నాలుగు. అప్పుడు హైమావతి కళ్లు నిత్యను దాటి వెనక్కిపోయాయి. పడవ వదిలిన తెల్లటి నురగ గీత నీళ్ల మీద ఇంకా చెదరలేదు. చీరకు ఫాలు కుట్టాక ఆమె అంచును చాపి పట్టుకుని, ఒక కన్ను మూసి దూరంనుంచి చూసుకుంటుంది. కుట్టు ఎక్కడైనా పక్కకు పోతే అప్పుడే తెలుస్తుంది. ఇప్పుడు నీళ్ల మీద అలా కనిపించింది. రెండో బంతి దగ్గర గీత బంతి వైపు కొద్దిగా వంగి, మళ్లీ నడిమికి వచ్చింది. నాలుగో బంతి దగ్గర మళ్లీ అంతే.

నిత్య ఆరూ తిరిగి చివరి జంట బంతుల మధ్యనుంచి బయటికి వచ్చింది. ఒడ్డు మీద ఆమె భర్త నర్సింగరావు చప్పట్లు కొట్టాడు.

"పడవ సరి," అంది హైమావతి వాకీటాకీలో. కన్ను చెప్పేలోపే నోరు అలవాటుగా అనేసింది.

తిరుగు పరుగులో ఆమె మెడ తిప్పి బాలాజీ చేతుల వైపు చూసింది. స్టీరింగ్ మీద అతని బొటనవేలు రెండుమూడుసార్లు మెల్లగా ఒత్తింది. పాలు పొంగొచ్చినప్పుడు స్టవ్ తగ్గించే చెయ్యిలా, అంతే మెల్లగా. ఆ ఒత్తిడికి పడవ ఒక మూరెడు బంతి వైపు జరుగుతుంది. నిత్యకు ఆ మూరెడు దూరం తగ్గుతుంది.

తర్వాత శిరీష దిగింది. ఆమె చెక్క నిత్య వాడి మానేసిన పాతది. జోడు వదులైతే మడమ దగ్గర గుడ్డ కుక్కుకుంది. శిరీష లేచి నిలబడ్డాక హైమావతి పిల్లను చూడలేదు. గీతనే చూసింది. గీత ఎక్కడా వంగలేదు. మొదటినుంచి చివరిదాకా తక్కెడ ముల్లులా నిలబడి ఉంది. బాలాజీ స్టీరింగును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. వేళ్లు తెల్లబడేంత గట్టిగా.

ఆరో బంతి దగ్గర శిరీష చెక్క బంతికి లోపలిపక్కనుంచి పోయింది. బెత్తెడు తేడా. నీళ్లు ఎగజిమ్మటంలో ఒడ్డుకు అది కనిపించలేదు. నర్సింగరావు చప్పట్లకు చేతులు ఎత్తాడు కూడా. శిరీష హ్యాండిల్ వదిలేసింది. వేగం తగ్గి, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే నీళ్లలోకి దిగిపోయింది. బంతి తప్పితే హ్యాండిల్ వదలాలన్నది ఈ ఆటలో మొదట నేర్పే మాట.

ఒడ్డుకు వచ్చాక నర్సింగరావు నవ్వుతూ అన్నాడు. "ఏమ్మా శిరీషా, పట్టుకొని వచ్చేస్తే అయిపోతుండె గదా. ఎవరు చూసిండ్రు?"

"బంతి చూసింది గద సేటు," అంది శిరీష, తడి జుట్టు పిండుకుంటూ.

నర్సింగరావు పెద్దగా నవ్వాడు. "మాటకు మాట. సూర్యాపేట కాలేజీల ఇదే నేర్పుతున్నరా?"

నిత్య కూడా నవ్వింది. ఇద్దరూ కలిసి తడి తాడును చుట్టలు చుట్టడానికి కూర్చున్నారు. హైమావతి నవ్వలేదు.

మధ్యాహ్నం పక్క క్వారీలో రాళ్లు పేల్చే ముందు సైరన్ మోగింది. పేలుడుకు నీళ్లు సన్నగా వణికాయి. పిల్లలిద్దరూ రేకుల షెడ్డులో పడుకున్నారు. నర్సింగరావు ఫోనులో మిల్లు మాటలు మాట్లాడుకుంటూ కారు నీడన నిలబడ్డాడు. బాలాజీ పడవను ఒడ్డుకు లాగి, ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న నాచు గోళ్లతో తీస్తున్నాడు. ఇంతకుముందు అతను సిమెంటు లారీ తోలేవాడు. ఇప్పటికీ బండి పక్కన కూర్చున్నట్టే గొంతుక్కూర్చుంటాడు.

హైమావతి వచ్చి ఎదురుగా ఉన్న రాతిబిళ్ల మీద కూర్చుంది.

"బాలాజీ, నేను వెనక్కి చూస్తూ కూర్చుంటాను కదా. నాకు గీత కనిపిస్తుంది."

అతను నాచు తీయడం ఆపలేదు. "ఏం గీతమ్మా?"

"నిత్య వెనకున్నప్పుడు వంగేది. శిరీష వెనకున్నప్పుడు వంగనిది."

ఇప్పుడు ఆపాడు. చేతికి అంటిన నాచును లుంగీకి తుడుచుకున్నాడు. కారు దిక్కు ఒకసారి చూశాడు.

"సేటు చెప్పిండా అని అడుగుతున్నరా అమ్మా? ఎవ్వరు చెప్పలే. చిన్నప్పుడు నిత్యమ్మ ఈడ పడి మూతి పగలగొట్టుకున్నది యాదికున్నదా? అప్పటిసంది భయం. ఆ దిక్కు పోంగనే నా చెయ్యి అదే పోతది."

"మరి శిరీష పడితే నీకు భయం లేదా?"

బాలాజీ గోటిలో ఇరుక్కున్న నాచు పీకి పడేశాడు.

"అది నా బిడ్డ గదమ్మా. దానికి జర చెయ్యి కదిలినా లోకం ఏమంటది? తండాల నుంచి వచ్చి సేటు పడవ తోలుతున్నడు, బిడ్డ కోసం తిప్పుకున్నడు అంటరు. గా మాట నేను పడ, నా బిడ్డ పడొద్దు. అందుకే అది వెనకుంటే రాయి లెక్క పట్టుకుంట. ఇంటికి పోయినంక దాని ముఖం సూడబుద్ధి కాదు."

"రేపటినుంచి ఇద్దరికీ ఒకటే గీత నడుపు."

"నిత్యమ్మ పడ్తది అమ్మా."

"పడనీ."

"సేటు అడిగితే?"

"నేను చెప్పుకుంటాను," అంది హైమావతి.

శుక్రవారం నిత్య పసుపు తాడు మీద రెండో బంతి దగ్గరే పడింది. లేచి మళ్లీ దిగింది. ఈసారి రెండోది దాటి నాలుగో బంతికి ఎంత చాచినా అందలేదు. అందకపోయినా హ్యాండిల్ వదలలేదు. కోపంతో చివరిదాకా వేలాడుతూ వచ్చి పడవ పక్కన నీళ్లను అరచేత్తో కొట్టింది.

"బోట్ ఏదో అయింది అంకుల్. గుంజుతలేదు సరిగ్గ."

"గుంజుతున్నది బిడ్డా," అన్నాడు బాలాజీ మెల్లగా.

మూడోసారి పడ్డప్పుడు మోచేతికి హ్యాండిల్ తగిలి కమిలింది. ఒడ్డున నర్సింగరావు ఊరుకోలేకపోయాడు. పడవ ఆగకముందే కేక వేశాడు.

"ఏం బాలాజీ, రాత్రి తాగి వచ్చినవా? నిన్నటిదాక మంచిగ తోలినవ్. ఎల్లుండి సెలెక్షన్ పెట్టుకొని ఇయ్యాల ఏమైంది నీకు? నీ బిడ్డ కూడ ఉన్నదని యాదికొచ్చిందా?"

ఆ మాటకు తాడు చుడుతున్న శిరీష తలెత్తింది. బాలాజీ తల ఎత్తలేదు. పడవ తాడు గుంజకు రెండు చుట్లు వేసి, ముడి బిగించి, ఆ ముడినే చూస్తూ నిలబడ్డాడు. అతను ఒక్కసారి హైమావతి వైపు చూస్తే చాలు, ఆమె నోరు తెరిచేది. అతను చూడలేదు. హైమావతి చేతిలో ఎర్రగుడ్డ ఉంది. దాని అంచు దారాలు లేస్తుంటే వేలికి చుట్టుకుంటూ ఆమె అలాగే కూర్చుంది. నలుగురిలో మొగుడి మాటకు అడ్డం పోవడం ఆమెకు అలవాటు లేని పని. చెప్పుకుంటానన్నది ఇంట్లో చెప్పుకుంటానని సర్దుకుంది. అంతలో శిరీష తండ్రి దగ్గరికి వచ్చింది. "బా" అని పిలిచి, వాళ్ల లంబాడీ భాషలో ఏదో తక్కువ గొంతుతో అడిగింది. అతను చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

హుజూర్‌నగర్ దాటి కారు మిర్యాలగూడ చేరింది. ధాన్యం లారీలు వరసగా రోడ్డు పక్కన ఆగి ఉన్నాయి. మిల్లుల దగ్గరికి వస్తుంటే ఉడికిన వడ్ల వాసన అద్దాలు మూసినా లోపలికి వచ్చింది.

అన్నాల దగ్గర హైమావతి చెప్పింది. "బాలాజీని తిన్నగా నడపమన్నది నేనేనండి."

నర్సింగరావు కలుపుతున్న ముద్ద ఆపాడు. ఆమె గీత సంగతి చెప్పింది. చెబుతుంటే అతని ముఖంలో కోపంకన్నా విసుగు కనిపించింది.

"మీ కోదాడోళ్లది అంతా గిట్లనే ఉంటది. 'అండీ అండీ' అనుకుంటనే కొంప ముంచుతరు. మనం తెచ్చిన పడవ, మనం పోసే పెట్రోలు. అది మన పిల్ల దిక్కు ఒక మూరెడు వచ్చిందే అనుకో. ఎవరి సొమ్ము పోయింది?"

"అట్లయితే మన పిల్ల ఆడినట్టు కాదండి. పడవ ఆడినట్టు."

"తాతలనాటి నుంచి కాంటా మీద బతికినోళ్లం. తూకం నాకు నేర్పకు."

"మీ నాన్నగారు కాంటా ఊపు ఆగేదాకా రాయి ముట్టనిచ్చేవారు కాదు. మీరే చెప్పారు."

అతను చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. "ఆదివారం దాక ఊకో. తర్వాత నీ ఇష్టం," అన్నాడు పంపు దగ్గరినుంచి.

నిత్య గది గుమ్మంలో నిలబడి ఉంది. బొబ్బలెక్కిన అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ వచ్చి అక్కడే ఆగిపోయినట్టుంది. రెండు చేతులూ ఎవరికో చూపిస్తున్నట్టు ముందుకు పట్టుకుని ఉంది.

"అమ్మా, అంటే నేను తిరిగినవి ఏవీ నావి కావా?"

"కొన్ని నీవే."

"ఏవి?"

హైమావతి వెనక్కి చూసే సీట్లో ఇన్నాళ్లు కూర్చుంది. ఏవి పిల్లవో ఏవి పడవవో ఆమె ఏనాడూ విడదీసి చూడలేదు. అన్నిటికీ "పడవ సరి" అనే చెప్పింది.

నిత్య తలుపు వేసుకుంది. గట్టిగా వేసుకున్నా బాగుండేది.

శనివారం పొద్దున్న నిత్యే ముందు తయారైంది. క్వారీ దగ్గర కారు దిగి సరాసరి పడవ దగ్గరికి పోయింది.

"అంకుల్, తాడు పొడుగు చెయ్యి. ఎర్ర రంగు కాడికి."

"ఎర్రదా? అది నువ్వు ఎప్పుడో దాటినవ్ గద బిడ్డా."

"దాటిన్నో లేదో నాకు తెల్వదు. చూస్త." కొంచెం ఆగి అంది, "తిన్నగ తోలు. నేను పడ్డా సరే."

బాలాజీ హైమావతి వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

ఆ రోజంతా అదే పని. ఎర్ర రంగు తాడు మీద నిత్య ఆరూ తిరిగింది. నారింజకు కుదించారు. రెండుసార్లు పడి, మూడోసారి తిరిగింది. ప్రతి పరుగు చివరా బాలాజీ ఇంజన్ తగ్గించి, గోడలకు కొట్టుకున్న అలలు తిరిగి వచ్చి సద్దుమణిగేదాకా ఆగాడు. ఆ ఆగే కాసేపూ నిత్య నీళ్లలో తేలుతూ ఒడ్డు మీద ఉన్న శిరీషను అడిగేది.

"ఏమైందే ఈసారి?"

"భుజం పారేస్తున్నవ్. బంతిని సూడకు, అవతలి గోడను సూడు."

"నువ్వేం చూస్తవ్?"

"నేనా? మా బా వీపు సూస్త. అది కదలదు."

బాలాజీ వినిపించనట్టు పెట్రోలు ముల్లు వైపు చూశాడు. సాయంత్రానికి పసుపు తాడు మీద నిత్య మూడు బంతులు తిరిగింది. అవి ఎవరివో ఇప్పుడు తెలుసు. నర్సింగరావు ఆ రోజు రాలేదు. మిల్లులో పని ఉందన్నాడు.

ఆదివారం వచ్చిన పెద్దమనిషి పేరు భానుప్రకాష్. నెరిసిన జుట్టు, ఎండకు కందిన మెడ. ఒకప్పుడు తనూ ఆడినవాడు. వస్తూనే బూట్లు విప్పి, ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగి, బంతుల వరస రెండు చివర్లనుంచి చూశాడు. పడవలో కూర్చోవలసిన అతని మనిషి జ్వరంతో ఆగిపోయాడట, వెంట లెక్క రాసే కుర్రాడు ఒక్కడే వచ్చాడు.

"డ్రైవర్ ఎవరు?"

"నేను సార్. ఆ పిల్ల నా బిడ్డ," అన్నాడు బాలాజీ. దాచకూడదన్నట్టు ముందే చెప్పాడు.

"వెనక చూసేది?"

"నేనండి. ఈ అమ్మాయి మా అమ్మాయి," అంది హైమావతి.

భానుప్రకాష్ ఇద్దర్నీ చూసి నవ్వాడు. "అటు తండ్రి, ఇటు తల్లి. కాంటా సరిపోయింది. కూర్చోండి. నేను ఒడ్డు మీది మంచె ఎక్కుతా. పిల్లను నేను చూస్తా, పడవను మీరు చూడాలి. నాకక్కడినుంచి పడవ లైను సరిగ్గా కనబడదు. మీరు ఏం చెబితే అదే."

చీటీ తీస్తే నిత్య పేరు ముందు వచ్చింది. నారింజ తాడు మీద ఇద్దరూ ఆరూ తిరిగారు. పసుపుకు కుదించారు. నిత్య గోడను చూస్తూ వచ్చింది. భుజం పారేయలేదు. నాలుగు బంతులు తిరిగి, ఐదో దానికి పోతూ పడిపోయింది. హైమావతి గీతను చూసింది. తిన్నగా ఉంది.

"పడవ సరి."

ఒడ్డు మీద నర్సింగరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చప్పట్లు కొట్టలేదు. నీళ్లలోంచి వచ్చిన నిత్య అతని పక్కకు పోలేదు. చెక్క ఒడ్డున పెట్టి, శిరీష మడమ దగ్గర గుడ్డ సరిగ్గా కుక్కిందో లేదో వంగి చూసింది.

"నాలుగు చేసిన. ఐదు చెయ్యాలె నువ్వు."

"నువ్వు నా దిక్కా, నీ దిక్కా?"

"ముందు పో."

శిరీష దిగింది. తాడు బిగిసింది. లేచింది. ఒకటి. రెండు. హైమావతి ఇంత శుభ్రంగా తిరగడం ఎప్పుడూ చూడలేదు. నీటి తెర ఎత్తుగా లేచి, ఎండలో ఒక్క క్షణం నిలిచి, పడేది. పడేసరికి పిల్ల అవతల ఉండేది. మూడు. మూడో దాని దగ్గర పాత జోడులో మడమ కదిలింది. శిరీష నడుము ఒక్కసారి ఊగింది. సర్దుకుంది. కానీ నాలుగో బంతికి బయల్దేరడం ఆలస్యమైంది.

బాలాజీ ముందున్న చిన్న అద్దంలో అది చూశాడు.

గీత వంగింది. నాలుగో బంతి వైపు, మూరెడు.

ఆ మూరెడుకు తాడు వదులైంది. నిత్య అయితే ఆ వదులులో తేలిగ్గా తిరిగి వచ్చేది. ఆమె దానికి అలవాటు పడ్డ పిల్ల. శిరీషకు బిగుతు తాడు తప్ప ఇంకోటి తెలియదు. బిగుతు మీద ఒంటి బరువంతా వాల్చి తిరగడం నేర్చుకుంది. వాలినచోట తాడు లేదు. ఒక్క అడుగు గాలిలో వేసినట్టయింది. మరుక్షణం తాడు ఒక్క కుదుపుతో బిగిసింది. హ్యాండిల్ చేతుల్లోంచి ఊడిపోయింది. పిల్ల బంతి పక్కన తలకిందులుగా పడింది.

హైమావతి ఎర్రగుడ్డ ఎత్తింది. పడవ వేగం తగ్గింది. ఇంజన్ గుడగుడమంటోంది.

"మూడు," అన్నాడు భానుప్రకాష్ వాకీటాకీలో. "బోటు?"

బాలాజీ స్టీరింగ్ మీది చేతిని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు.

"అదే పోయిందమ్మా," అన్నాడు. "ఎన్నడు పోనియ్యలే. ఇయ్యాలే పోయింది."

హైమావతికి అన్నీ ఒక్కసారే కనిపించాయి. రెండు మాటలు చెబితే చాలు. మూడుకు నాలుగు పెద్ద. నిత్య క్యాంపుకు పోతుంది. నిజంగానే తిరిగిన నాలుగు. ఎవరూ ఏమీ అనరు. బాలాజీ కూడా అనడు. ఆమె ఊరుకుంటే అతని పరువు నిలబడుతుంది. చెబితే, ఏ మాట పడకూడదని ఇన్నేళ్లు రాయిలా పట్టుకున్నాడో ఆ మాటే పదిమందిలో పడాలి.

శిరీష నీళ్లలోంచి పడవ వైపే చూస్తోంది. లైఫ్ జాకెట్ గడ్డం దాకా లేచి, ముఖం మాత్రమే పైకి ఉంది. తండ్రినే అడిగింది, అరవకుండా. "బా, తాడు వదులైంది. ఎందుకట్ల చేసినవ్?"

"బోటు చెప్పండమ్మా," అన్నాడు భానుప్రకాష్.

హైమావతి వాకీటాకీ మీట నొక్కింది.

"పడవ సరి కాదు."

ఒడ్డున నర్సింగరావు కట్టుకున్న చేతులు విప్పాడు.

"ఎటు పోయింది?"

"నాలుగో బంతి దగ్గర, అమ్మాయి దిక్కు. తాడు వదులైంది. ఆ వదులుకే పడింది."

భానుప్రకాష్ రాసుకున్న మూడును కొట్టేశాడు. "ఎటు పోయినా పిల్ల తప్పు కాదు. మళ్లీ పరుగు. మొదటినుంచి, ఇదే తాడు మీద. డ్రైవర్ దిగాలి. నేను నడుపుతా. మంచె మీదికి మా కుర్రాడు ఎక్కుతాడు."

బాలాజీ పడవను ఒడ్డుకు తెచ్చి దిగాడు. దిగేటప్పుడు నీళ్లలో కాలు జారితే నర్సింగరావు చెయ్యి అందించాడు, అలవాటుగా. అందించాక వెంటనే వెనక్కి తీసుకున్నాడు. బాలాజీ పోయి తుమ్మచెట్టు కింద, నీళ్లకు వీపు పెట్టి కూర్చున్నాడు.

శిరీష మళ్లీ దిగింది. కొత్త వీపు వెనక, కొత్త చెయ్యి కింద. హైమావతి సీటు మాత్రం మారలేదు. తాడు బిగిసింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో బంతి దగ్గరా గీత వంగలేదు. ఐదు. ఒడ్డునుంచి నిత్య గొంతు, "గోడ! గోడను చూడు!" ఆరు. నీటి తెర పడింది. పిల్ల చివరి జంట బంతుల మధ్యనుంచి బయటికి వచ్చి, హ్యాండిల్ వదిలి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని మెల్లగా మునిగింది.

హైమావతి గీతను చివరిదాకా చూసింది. అలలు వచ్చి చెరిపేదాకా చూసింది.

"పడవ సరి," అంది.

క్యాంపుకు శిరీష పేరు రాసుకుని భానుప్రకాష్ వాళ్లు వెళ్లిపోయాక ఒడ్డు మీద మిగిలింది ఆ రెండు ఇళ్లవాళ్లే. శిరీష తండ్రి దగ్గరికి పోయి పక్కన కూర్చుంది. అతని చెప్పు తెగి ఉంటే తీసుకుని ముడి వేస్తోంది. నర్సింగరావు అక్కడికి నడిచాడు.

"బాలాజీ, పడవ తాళం ఇయ్యి."

బాలాజీ లేచి జేబులోంచి తాళం తీశాడు. దానికి కార్కు బిరడా కట్టి ఉంటుంది, నీళ్లలో పడితే తేలడానికి.

"బిడ్డ కోసం పడవ తిప్పినోని చేతిల పడవ పెట్టలేను. ఏమనుకోకు."

"ఇన్నాళ్లూ మన బిడ్డ కోసం తిప్పాడండి," అంది హైమావతి వెనకనుంచి. గొంతు పెంచలేదు. "అప్పుడు చేతిలోనే ఉంచారుగా."

నర్సింగరావు వెనక్కి తిరిగాడు. బాలాజీ ముందు, అతని కూతురి ముందు, తన కూతురి ముందు.

"శుక్రవారం అతన్ని తిన్నగా నడపమన్నది నేను. మీ తిట్లు అతను తిన్నాడు. నేను గుడ్డ దారాలు లాక్కుంటూ కూర్చున్నాను. తీసేయాలంటే ముందు నన్ను ఆ సీట్లోంచి తీసేయండి."

అతను ఎండకు కళ్లు చికిలించి నీళ్ల వైపు చూశాడు. దూరంగా సిమెంటు లారీ ఒకటి గేరు మార్చుకుంటూ మిట్ట ఎక్కుతోంది.

"రేపు పొద్దున నాకు ప్రాక్టీస్ ఉంది డాడీ," అంది నిత్య. "ఎవరు తోలుతరు మరి? నువ్వు తోలుతవా?"

నర్సింగరావు తాళం తీసుకున్నాడు. కొంచెంసేపు దాని బిరడాను చేతిలో దొర్లించాడు. తర్వాత పడవ దగ్గరికి నడిచి, దాన్ని స్టీరింగ్ ముందున్న సీటు మీద పెట్టాడు. ఎవరికీ ఇవ్వలేదు. ఎవరివైపూ చూడలేదు. కారెక్కి కూర్చున్నాడు.

సోమవారం పొద్దున్న నీళ్లు కదలకుండా ఉన్నాయి. సీటు మీద తాళం ఉన్నచోటే ఉంది. బాలాజీ వచ్చి చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. హైమావతి తన సీట్లోకి ఎక్కి, వెనక్కి తిరిగి కూర్చుని, ఎర్రగుడ్డను ఒళ్లో సర్దుకుంది. అప్పుడు అతనూ ఎక్కాడు.

నిత్య పసుపు తాడు అడిగింది. లేచింది. మొదటి నాలుగూ తిరిగింది. ఐదోది కూడా తిరిగింది, కొంచెం అందీ అందక. ఆరోది కష్టమైన పక్క. నీళ్లు తెల్లగా లేచాయి. ఆ తెరలో చెక్క బంతికి ఏ పక్కనుంచి పోయిందో హైమావతికి కూడా తెలియలేదు. ఒడ్డు మీద శిరీష చప్పట్లకు చేతులు ఎత్తింది. బయటికి పోయే జంట బంతులు ఎదురుగా, ఒక్క లాగుడు దూరంలో ఉన్నాయి.

నిత్య హ్యాండిల్ వదిలేసింది.

ఖాళీ హ్యాండిల్ నీళ్ల మీద ఎగురుకుంటూ పడవ వెనకే వచ్చింది. నిత్య నిలబడ్డట్టే మెల్లగా నీళ్లలోకి దిగిపోయింది. మెడదాకా మునిగాక ఆ బంతి వైపు ఒకసారి చూసి, ముఖం కడుక్కుంది.

హైమావతి ఎర్రగుడ్డ ఎత్తింది. గీత తిన్నగా ఉంది. ఒడ్డున లెక్క వేసేవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆమె వాకీటాకీ నోటి దగ్గరికి తీసుకుంది.

"పడవ సరి."

బాలాజీ గోడల అలలు సద్దుమణిగేదాకా ఆగి, పడవను పిల్ల దగ్గరికి మెల్లగా తిప్పాడు.